హెరాల్డ్ ఇంజిన్ విప్పిన ఎండాకాలం

మాది స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో ట్రయంఫ్ పేరుతో పుట్టి, 1961 నుంచి మద్రాసులో తయారైన కారు. వేరుశనగ బాగా పండిన ఏడాది మా నాన్న సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఇంజిన్ 948 సీసీ. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ వంశపు ఇంజినే. దాన్ని 1147 సీసీకి పెంచి రెండు కార్బురేటర్లు తగిలించారు. నాకు అంత వేగం అక్కర్లేదు. నలుగురిని ఎక్కించుకుని వెంకటమ్మనహళ్లి నుంచి హిందూపురానికి, లారీల వెనక ఈడ్చుకుంటూ కాకుండా, వేడెక్కకుండా వెళ్లి రావాలి. అంతే.

విప్పకముందే పావగడ మెకానిక్ జబ్బేమిటో కనిపెట్టాడు. "అయ్యోరూ, క్లచ్ తొక్కండి," అన్నాడు. తొక్కితే ముందున్న క్రాంకు పుల్లీ కంటికి కనబడేంతగా జరిగింది. ఆ జరుగుడు 4 నుంచి 8 థౌ (అంగుళంలో వెయ్యో వంతు) లోపలే ఉండాలి. వెనక మెయిన్ బేరింగు దగ్గర అర్ధచంద్రాకారంలో థ్రస్ట్ వాషర్లుంటాయి, క్లచ్ తొక్కినప్పుడల్లా ఆ తోపుడును ఆపేది అవే. సంపు దింపితే ఒకటి నూనెలో పడి ఉంది. మునుపు ఏదో వర్క్‌షాపులో గాడులున్న ముఖాన్ని తిరగేసి బిగించారు. వాషరు పడిపోయాక క్రాంకు బ్లాకునే తినేసింది. ఆ చోటు సాపు చేయించి, మందపాటి వాషర్లు వేయించాల్సి వచ్చింది.

దానికంటే నన్ను కుంగదీసినవి నీళ్లు. మా తాలూకా బోరునీళ్లలో ఎముకలు వంచే ఫ్లోరైడు ఒకటి, బిందెకు పెచ్చు కట్టే సున్నం ఒకటి. కారుకూ అవే పోశాం, వేరేవి ఎక్కడివి? నాలుగో సిలిండరు చుట్టూ నీటిదారి తెల్లగా పూడిపోయింది. కోర్ ప్లగ్గులు పీకి, మే నెల ఎండలో ఇనపతీగతో గోకాను. వేళ్లు చీరుకుపోయి అన్నం కలుపుకుంటే కారం మండేది.

ఆపైన సిలిండర్లను బోరింగుకిస్తే లేత్ షాపువాళ్లు పిస్టన్లు రాకముందే కోసేశారు. ఒక సిలిండరు పైన బిగువు, కింద వదులు. కొత్త బ్లాకు దొరికే రోజులు కావు. "అమ్మేద్దామా?" అని మా ఆవిడ అడిగితే నాకు నోట మాట రాలేదు. చివరికి బెంగళూరులో ఒక పెద్దాయన స్లీవులు దిగగొట్టి, ఒక్కో పిస్టన్‌ను కొలిచి, దానికి తగ్గట్టు బోరు చేశాడు. ఆయన చేతులకు మొక్కాలనిపించింది.

హెడ్ బాగా కోయించి కంప్రెషన్ పెంచమని చాలామంది చెప్పారు. నేను ఒప్పుకోలేదు. ఈ క్రాంకు తిరిగేది మూడు మెయిన్ బేరింగుల మీదే. మా ఎండకు ఇంజిన్ నాకింగు కొడితే ముందు దెబ్బతినేవి అవే. బదులుగా పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు బంగారం అంగడి తక్కెడలో తూచి, బరువైనవాటిని సన్నగా అరగదీసి నాలుగింటినీ ఒకే తూకానికి తెచ్చాను. మ్యానిఫోల్డు రంధ్రాలు హెడ్ రంధ్రాలకు సరిపెట్టి, వాల్వులు చేత్తో గ్రైండ్ చేశాను. మామూలు రోడ్డు మీద తిరిగే బండికి కావలసింది ఈ ఓపికేనని నా నమ్మకం.

స్టార్టు చేసినప్పుడు ఆయిల్ లైటు ఆరేదాకా అందరం ఊపిరి బిగబట్టాం. ఆరింది. కొన్నాళ్లు మెల్లగా నడిపి, హెడ్ నట్లు మళ్లీ బిగించి, వాల్వు సందు 10 థౌకి సరిచేశాం. ఇదివరకు మూడో గేరులో రొప్పుతూ ఎక్కిన మిట్టలు ఇప్పుడు టాపులోనే ఎక్కుతోంది. రేడియేటరులోకి ఊళ్లోని శుద్ధినీళ్ల క్యానే తెస్తున్నాను. ఇక గేరుబాక్సు విప్పాలి. రెండో గేరు అరుస్తోంది.