గల్లీ దాటే సైకిల్

రోడ్ బైక్ కొంటున్నానంటే మా పక్కింటి పెద్దాయన "ఎన్ని సీసీ భాయ్?" అని అడిగారు. బండి కాదు సాబ్, వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లుండే సైకిలు అని చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. "దబీర్‌పురా గల్లీల్లో అదేం నడుస్తది?" అన్నారు. నవ్వుతూ అన్నా, సైకిలు కొనే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న అదే.

నాకు 52 ఏళ్లు. షుగర్ గీత దగ్గరికొచ్చింది, రోజూ ఒళ్లు కదపాల్సిందే అన్నారు డాక్టరుగారు. నడక మొదలుపెడితే మోకాళ్లు ఒప్పుకోలేదు. సైకిలు మీదైతే ఒంటి బరువు చాలావరకు సీటే మోస్తుంది. పందేలకు పోయేది లేదు. ఆదివారం తెల్లారకముందే బయల్దేరి, ఆరాంఘర్ మీదుగా హిమాయత్‌సాగర్ దాకా పోయి, కాస్త గాలి పీల్చుకుని, దారిలో చక్కెర లేని చాయ్ తాగి ఇంటికి రావాలి. అంతే నా ఆశ.

సైకిళ్ల గురించి ఎవరినడిగినా ముందు బరువే చెబుతారు. పది కిలోలా, పదకొండా అని. ఆ ఒక్క కిలో తేడాకు వేలకు వేలు పోయాలి. నా నడుము చుట్టూ ఉన్నది తగ్గిస్తే అది ఫ్రీ!

నాకు అసలు పరీక్ష మొదటి రెండు మూడు కిలోమీటర్లే. పాత నగరం ప్రహరీకి ఉన్న పెద్ద దర్వాజాల్లో ఇప్పటికి నిలిచినవి రెండు: ఒకటి మా దబీర్‌పురా దర్వాజా, రెండోది పురానాపూల్ దగ్గరిది. మా దర్వాజా కింద నుంచి ఆటోల మధ్య దూరి వెళ్లాలి. తవ్వి పూడ్చిన రోడ్లు, ఎత్తుపల్లాల మ్యాన్‌హోల్ మూతలు సరేసరి. 23 మిల్లీమీటర్ల టైరు గుంతలో పడిందంటే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పంచరే. అందుకే 32 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేము కావాలనుకున్నా. వెడల్పు టైరులో గాలి కొంచెం తక్కువ పెట్టుకోవచ్చు, కుదుపూ తగ్గుతుంది.

నానక్‌రాంగూడ వైపు ఔటర్ పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ పలకల నీడతో. దాని మీద తిరిగేవాళ్లకు సన్న టైరు హాయి. వాళ్ల సలహా వాళ్ల రోడ్డుకు సరిపోతుంది.

తర్వాతది కొలత. ఒక షాపులో నాకు పెద్దదైన ఫ్రేము చూపించి, "సీటు దించుతాం సార్, సరిపోతది" అన్నారు. సీటు దించితే కాళ్లందుతాయి గానీ, హ్యాండిల్ దగ్గరికి రాదు కదా! అడ్డకడ్డీ మీదుగా రెండు కాళ్లూ వేసి నిలబడితే మడమలు నేలకు ఆనాలి, కడ్డీకీ మనకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. బ్రేకులు పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగే ఉండాలి. ఇక గేర్లంటారా, ముందు రెండు, వెనక ఎనిమిది చాలు. వెనక పెద్ద పళ్లచక్రానికి 32 పళ్లుంటే దబీర్‌పురా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మోకాళ్లు తిట్టుకోవు.

మా గల్లీ పంచర్ షాపు ఉస్తాద్ ఇంకో మాట చెప్పాడు. "సాబ్, వాల్వ్ చూస్కోండి. సన్న మూతి ఉంటే నా పంపు పట్టదు." నిజమే, చాలా రోడ్ బైకులకు ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. దాని మీద బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకుంటే ఏ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు.

2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అలా మిగిలింది హెల్మెట్‌కీ, వెనక ఎర్ర లైటుకీ పెట్టాను. చీకటితో బయల్దేరేవాణ్ని కాబట్టి ఆ లైటు ఉంటేగానీ మా ఆవిడ గడప దాటనివ్వదు.

కొన్నది ఫొటోల్లో మెరిసే సైకిలేం కాదు. గుంతలకు భయపడి ఇంట్లో దాచుకోవాల్సిన పని మాత్రం లేదు. మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష ఉంది. అప్పటిదాకా ఒక్క ఆదివారం కూడా తప్పించకూడదని అనుకున్నాను.