ఊరి గుట్టు

ఇంటిగుట్టు పెరుమాళ్ల కెరుక అన్నారు పెద్దలు. మరి ఊరిగుట్టో? మురుక్కాలవ కెరుక అంటాన్నేను. ముక్కు మూసుకోకండి!

పోలియో క్రిమి సోకిన పిల్లల్లో నూటికి 99 మందికి పైగా కాళ్లు పడిపోవు. ఆడుతూ పాడుతూనే ఉంటారు. కాని వారాల తరబడి మలంలో ఆ క్రిమి పోతూనే ఉంటుంది. కన్నతల్లికైనా అంతుపట్టని ఈ సంగతిని మురుగు దాచుకోదు.

చిన్నప్పుడు నా నేస్తం ఒకడు మోకాలిమీద చెయ్యి ఆన్చుకుని బడికి వచ్చేవాడు. వాడి కాలు పడిపోయాకగాని ఊళ్లోకి పోలియో వచ్చిందని ఎవరికీ తెలియలేదు.

2016లో హైదరాబాదు మురుగును పరీక్షిస్తే పోలియో క్రిమి కనబడింది. చుక్కలమందులోని క్రిమే రూపు మార్చుకున్న రకం అది. జబ్బుపడ్డ బిడ్డ ఒక్కరూ లేరు. అయినా సుమారు 3 లక్షలమంది పసివాళ్లకు సూదిమందు వెయ్యడానికి జూన్ 20న పూనుకున్నారు. 2020లో కరోనా ఎందరికి సోకివుంటుందో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రజ్ఞులు ఈ నగరపు మురుగునుంచే అంచనా కట్టారు.

కాలవ పేరడగదు, కులమడగదు. మేడకీ గుడిసెకీ ఒకటే సాక్ష్యం చెబుతుంది. వీధిలో పిల్లలు పరుగులు తీస్తూంటే దానికో దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు, కాస్త దూరంనుంచే అనుకోండి!