రామకథ గోడలపై... రుచులు రోడ్డుపై!

విమానాశ్రయం పేరు సువర్ణభూమి. లోపల దేవతలూ రాక్షసులూ వాసుకిని చెరోవైపు పట్టుకుని పాలసముద్రాన్ని చిలుకుతున్న భారీ శిల్పం. హైదరాబాద్‌లో విమానమెక్కి మూడున్నర గంటల్లో ఇక్కడ దిగినవారికి, వచ్చింది పరాయి దేశానికా, పౌరాణిక సినిమా సెట్టింగులోకా అన్న అనుమానం వస్తే తప్పు లేదు. అదే బ్యాంకాక్!

నిజానికి థాయ్ ప్రజలు తమ రాజధానిని బ్యాంకాక్ అనరు. 'క్రుంగ్ తేప్' అంటారు. అంటే దేవనగరం. అదీ ముద్దుపేరే. అసలు పేరు థాయ్ లిపిలో 168 అక్షరాలు! ప్రపంచంలోకెల్లా పొడవైన ఊరి పేరుగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. అందులో అమరరత్నం, అయోధ్య, నవరత్నాలు, రాజధాని, విశ్వకర్మ... అన్నీ మన చెవికి తెలిసిన మాటలే. 1782లో మొదటి రామ రాజు చావో ఫ్రయా నది తూర్పు ఒడ్డున ఈ రాజధానికి పునాది వేశాడు.

హనుమంతుడి ప్రేమకథ

బ్యాంకాక్ వెళ్లినవారు ముందు చూసేది రాజప్రాసాదం. దాని ఆవరణలోనే మరకత బుద్ధుడి ఆలయం ఉంది. పేరు మరకతమే కానీ, విగ్రహం ఒకే పచ్చరాతిలో చెక్కింది. ఎత్తు 66 సెంటీమీటర్లు. ఎండకాలం, వానకాలం, చలికాలం... రుతువు మారినప్పుడల్లా రాజే స్వామికి వస్త్రాలు మారుస్తాడు.

పిల్లల్ని మాత్రం గుడి చుట్టూ ఉన్న నడవాలోంచి బయటికి తీసుకురావడం కష్టం. అక్కడ గోడల మీద 178 భాగాలుగా రామాయణం ఉంది మరి. వాళ్ల రామాయణం పేరు 'రామకియెన్'. రావణుడు 'తోసకన్', అంటే దశకంఠుడు. హనుమంతుడు తెల్లగా మెరిసిపోతుంటాడు. పైగా బ్రహ్మచారి కాదు! వారధి కడుతుంటే రాళ్లు లాగేయమని రావణుడు తన కూతురు, మత్స్యకన్య సువన్నమచ్ఛను పంపుతాడు. ఆమె హనుమంతుడి ప్రేమలో పడుతుంది. వాళ్లకో కొడుకు కూడా. మన తాతయ్యలకు మింగుడుపడకపోవచ్చు కానీ థాయ్‌లకు ఇది చాలా ఇష్టమైన ఘట్టం.

పక్కనే ఉన్న వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుడు. పాదాల మీద ముత్యపు చిప్పలతో పొదిగిన 108 శుభచిహ్నాలు. ఎదురుగా రేవులో పడవెక్కి నది దాటితే వాట్ అరుణ్. సూర్యుడి సారథి అనూరుడి పేరు మీద వెలసిన గుడి. గోపురం నిండా పింగాణీ పూలే.

రోట్లో బొప్పాయి

మధ్యాహ్నమైతే వీధిలో ఒక చప్పుడు వినిపిస్తుంది. టక్... టక్... మట్టిరోట్లో చెక్క రోకలి. వెల్లుల్లి, పచ్చిమిర్చి దంచి, తాటిబెల్లం, నిమ్మరసం, వేరుసెనగపప్పు, ఎండురొయ్యలు వేసి, పచ్చిబొప్పాయి తురుము కలిపితే 'సోమ్ తామ్' సిద్ధం. మన రోటిపచ్చడికి దగ్గరి చుట్టం! ఈశాన్య ప్రాంతమైన ఇసాన్ నుంచి కూలిపనులకు వచ్చినవారు దీన్ని రాజధానికి తెచ్చారు. 'మిరపకాయలు ఎన్ని వెయ్యమంటారు?' అని అడిగితే ఆంధ్రా పౌరుషానికి పోకుండా రెండుతో మొదలెట్టడం మంచిది.

పేరులోనే దేశాన్ని పెట్టుకున్న 'ఫాద్ థాయ్' వెనక రాజకీయం ఉంది. 1939లో సయాం థాయ్‌లాండ్‌గా మారింది. అప్పటి ప్రధాని ఫిబున్ సాంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం నూడుల్స్ తినమని జనాన్ని ప్రోత్సహించింది. అలా చైనా వంట థాయ్ జాతీయ వంటకమైంది. నిమ్మగడ్డి ఘాటుతో ఉండే రొయ్యల పులుసు 'తోమ్ యామ్ కుంగ్'కు 2024లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే జిగురు బియ్యపు అన్నం మీద చిక్కటి కొబ్బరిపాలు పోసి మామిడి ముక్కలతో ఇస్తారు. ఒక్క పళ్లెంతో ఆగడం కష్టమే.

ఫుట్‌పాత్ ఎవరిది?

ఒకప్పుడు బ్యాంకాక్ కాలువల ఊరు. నూడుల్స్ పడవల మీదే అమ్మేవారు. చిన్న గిన్నెల్లో ఇచ్చే 'పడవ నూడుల్స్' ఇప్పటికీ ఉన్నాయి. పడవలే లేవు. చాలా కాలువలు పూడ్చి రోడ్లు వేశారు. పొయ్యిలు నీళ్ల మీంచి ఫుట్‌పాత్ మీదికొచ్చాయి.

ఇప్పుడు ఫుట్‌పాత్‌కీ కష్టమొచ్చింది. 2014 తర్వాత బండ్లను ఖాళీ చేయించడం జోరందుకుంది. 2017లో నగరపాలక అధికారులు వీధుల్లో బండ్లు తీసేస్తామనడంతో ప్రపంచమంతా ఉలిక్కిపడింది. పర్యటకులు ఎగబడే యావోరాత్, ఖావ్‌సాన్ వీధుల్ని ఉంచుతామని అధికారులు సర్దిచెప్పారు. అదే ఏడాది డిసెంబరులో తలకు టోపీ, కళ్లకు పెద్ద అద్దాలు పెట్టుకుని బొగ్గుల పొయ్యి మీద పీతల ఆమ్లెట్ వేసే జే ఫాయ్ వంటకు మిషలిన్ స్టార్ వచ్చింది!

నడవడానికి చోటు కావాలన్న పాదచారుల మాటలోనూ న్యాయముంది. కానీ బ్యాంకాక్‌లో చిన్న జీతగాళ్లుండే గదులు చాలావాటిలో వంటిల్లే ఉండదు. డ్రైవర్‌కైనా, దుకాణంలో పనిచేసే అమ్మాయికైనా గుమ్మం ముందు బండే వంటిల్లు. బండి నాలుగు వీధులు అవతలికి జరిగితే పర్యటకుడు వెతుక్కుంటూ వెళ్తాడు. అరగంట భోజన విరామం ఉన్నవాళ్లు వెళ్లలేరు. వండే మనిషికి వాడుక పోతుంది, తినే మనిషికి ఖర్చు పెరుగుతుంది.

వెళ్లేవారికి...

* రాజప్రాసాదానికి భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు తప్పనిసరి. 'ఈరోజు మూసేశారు, వేరేచోటికి తీసుకెళ్తా' అనే టుక్‌టుక్‌వాలాల్ని నమ్మొద్దు.

* కూరగాయల వంటలోనూ చేపల సాస్ 'నామ్ ప్లా' పడుతుంది. శాకాహారులు 'జే' అని చెప్పాలి. ఎర్ర అక్షరమున్న పసుపు జెండా కనిపిస్తే అక్కడ మాంసం, చేప, గుడ్డు ఉండవు. వెల్లుల్లి కూడా ఉండదు. పడవ నూడుల్స్ పులుసులో జంతు రక్తం కలుపుతారు.

* నది మీద పర్యటకుల పడవలే కాదు, ఊరివాళ్లెక్కే చావో ఫ్రయా ఎక్స్‌ప్రెస్ పడవలూ ఉన్నాయి. ఖర్చు తక్కువ, సందడి ఎక్కువ.

* మంచి బండి ఏదో తెలియడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. మోటారుబైకు ట్యాక్సీ కుర్రాళ్లు, ఆఫీసు ఉద్యోగులు ఏ బండి ముందు వరుస కట్టారో చూసుకుని, ఆ వరుసలో నిలబడితే చాలు.