షట్టర్ అవతల

గోడౌన్ సూపర్‌వైజర్ రాజ్యం షట్టర్ దాకానే. లోపల ఏ ర్యాక్‌లో ఏ బ్యాచ్ ఉందో, ఏ కార్టన్ అడుగున చెమ్మ పట్టిందో, హమాలీల్లో ఎవరికి ఎవరితో పడదో అతనికి తెలియనిది లేదు. సరుకు ఎక్కి, లారీ రసీదు (ఎల్‌ఆర్) చేతికొచ్చి, బండి గేటు దాటిందంటే మాత్రం ఇక అది తన సంగతి కాదు. లాజిస్టిక్స్ మేనేజర్ ఉద్యోగం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

మేడ్చల్ వైపు ఏ పెద్ద గోడౌన్‌కి వెళ్లి అడిగినా మంచి సూపర్‌వైజర్ గురించి ఒకటే మాట: ‘సార్ లేకపోతే ఇక్కడ ఆకు కదలదు.’ వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆకు కదలనప్పుడు ఆ సార్‌ని అక్కణ్ణుంచి కదిపేదెవరు? తన సెలవు రోజున కూడా డిస్పాచ్ సజావుగా సాగిపోయేలా కిందివాణ్ణి తయారు చేసుకున్నవాడే పైమెట్టు ఎక్కుతాడు. ‘నేను లేకుండా ఎలా జరుగుతుంది’ అనుకునేవాడు ఆ లోడింగ్ డాక్ మీదే రిటైరవుతాడు. పాపం, పనిమంతులే ఎక్కువగా ఇలా మిగిలిపోతారు.

డాక్ మీద గడిపిన కాలం వృథా అని మాత్రం కాదు. 32 అడుగుల కంటెయినర్‌ని చిప్స్ కార్టన్లతో తలుపు దాకా కూరినా బండి మోయగల బరువులో సగం కూడా కాదు. అదే బండికి సబ్బులు ఎక్కిస్తే సగం నిండకముందే బరువు హద్దు దాటుతుంది. కిరాయి మాత్రం మొత్తం బండికి కట్టాల్సిందే. ఆఫీసులో లాప్‌టాప్ ముందున్న కుర్రాడు కింద సబ్బులు, పైన చిప్స్, టీ పొడి అని చక్కటి ప్లాన్ వేస్తాడు. లెక్క బ్రహ్మాండంగా కుదురుతుంది. తలుపులు బిగించిన కంటెయినర్ రెండు రోజులు ఎండలో మాడాక టీ పొడి సబ్బు వాసన కొడుతుందని మాత్రం ఎక్సెల్ షీట్లో ఏ గడీ చెప్పదు. హమాలీల మధ్య నిలబడి పెరిగినవాడు వెంటనే చెబుతాడు: ‘సబ్బుల మీద ప్లాస్టిక్ బకెట్లు వెయ్యి, చిప్స్ కింద బిస్కెట్లు వెయ్యి.’ ఈ మాట హమాలీ మేస్త్రీతో చెప్పి ఊరుకుంటే అతను సూపర్‌వైజర్. దానివల్ల నెలకు ఎన్ని బండ్ల కిరాయి మిగిలిందో కాగితం మీద పెట్టి పైవాళ్లకు చూపిస్తే అతను అప్పటికే మేనేజర్, విజిటింగ్ కార్డు తర్వాత వస్తుంది.

సరుకు ఎక్కడుందని అడగడం ఒక పని. అసలు ఇక్కడెందుకుందని అడగడం వేరే పని. 2014 జూన్‌లో రాష్ట్రం రెండయ్యాక హైదరాబాద్ గోడౌన్ నుంచి విజయవాడ డీలరుకు పంపే సరుకు రాత్రికి రాత్రి అంతర్రాష్ట్ర అమ్మకం అయిపోయింది. దాని మీద కేంద్ర అమ్మకపు పన్ను (సీఎస్‌టీ) పడేది. అందుకని ఎన్నో కంపెనీలు విజయవాడ చుట్టుపక్కల కొత్తగా డిపోలు తెరిచాయి. 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చేసరికి ఆ కారణం కాస్తా పోయింది. ఇక డిపో ఉంచాలా, మూసెయ్యాలా అన్నది దూరం, కిరాయి, డీలరు ఎన్ని గంటలు ఆగగలడు అన్నవాటిని బట్టి తేల్చాలి. అదే ర్యాకుల మధ్య రోజూ తిరుగుతూ కూడా తన గోడౌన్ ఒక పన్ను లెక్క వల్ల పుట్టిందని గమనించని సూపర్‌వైజర్లు చాలామందే.

చదువు మాటకొస్తే, పెద్ద కంపెనీల వడపోతలో నిలవాలంటే డిగ్రీ ఉండాల్సిందే. వడోదరలోని రైల్వే విద్యాసంస్థను 2022లో కేంద్రం గతిశక్తి విశ్వవిద్యాలయంగా మార్చింది కూడా ఇలాంటి రవాణా, లాజిస్టిక్స్ చదువుల కోసమే. అయితే ఆదిలాబాద్ దాటాక రాత్రి పదింటికి బండి ఆగిపోయిందని ఫోనొస్తే ఏ పట్టా అక్కరకొస్తుంది? హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ సుమారు 500 కిలోమీటర్లు, రోజుకు 200 చొప్పున ఈ-వే బిల్లుకు మూడు రోజుల గడువు. వేరే బండిలోకి సరుకు మారిస్తే ఆ కొత్త బండి నంబరు బిల్లు పార్ట్-బిలో ఎక్కించాలి. డ్రైవరు ట్రాన్స్‌పోర్టర్ మనిషి, మెకానిక్ ఎవరో ఏమిటో, అవతల కస్టమరు కస్సుమంటున్నాడు. వీళ్లలో ఎవరూ తన జీతగాళ్లు కారు. షట్టర్ లోపల కేకేస్తే పని జరిగేది. ఇక్కడ ‘అన్నా, తెల్లారేలోగా ఎలాగోలా చూడన్నా’ అనాలి.

లారీవాడితో కంటే సేల్స్‌వాళ్లతోనే పెద్ద పేచీ. నెల మొదట్లో ఈగలు తోలుకునే డాక్, ఆఖరి మూడు రోజులూ సంతై కూర్చుంటుంది. సూపర్‌వైజర్ దానికి నైట్ షిఫ్టు వేస్తాడు, హమాలీలను పెంచుతాడు, అందరికీ టిఫిన్లు తెప్పిస్తాడు, గెలిచానంటాడు. మేనేజరైనవాడు సేల్స్ హెడ్ గదికి వెళ్లి ఆర్డర్లను 20వ తారీఖు నుంచే సర్దమని అడగాలి. మొదటిసారి వినరు. టార్గెట్ల గోల వాళ్లది. 30న ఎక్కించిన బండి 3వ తారీఖున కూడా డిస్ట్రిబ్యూటర్ గేటు బయటే నిలబడి ఉందని, ఆ హాల్టింగ్ బిల్లు సేల్స్ ఖాతాలోనే రాయిస్తానని చెబితే, అప్పుడు కూర్చోమని కుర్చీ చూపిస్తారు.