డెబ్బైరెండవ గడి

2019 దసరా సెలవుల నాటి మాట. ఇంజనీరింగు చదువుతున్న మా మనుమడు ఐబీఎం వారు విద్యార్థులకై నిర్వహించే ‘మాస్టర్ ద మెయిన్‌ఫ్రేమ్’ పోటీలో చేరాడు. 2005లో అమెరికాలో మొదలై, తరువాత ఇతర దేశాలకూ విస్తరించిన పోటీ అది. రుసుము లేదు, పూర్వానుభవం అక్కరలేదు. ఎక్కడో ఉన్న నిజమైన మెయిన్‌ఫ్రేము యంత్రంతో ఇంటి నుండే అనుసంధానమై మూడు అంచెలు దాటాలి. మొదటి అంచెలో వేలు పట్టి నడిపిస్తారు. పోనుపోను ఆ వేలు వదిలేస్తారు.

బ్యాంకుల లెక్కలవంటి బరువులు మోసే ఈ మహాయంత్రాల మర్మమెరిగిన పెద్దలు ఒక్కొక్కరే పదవీవిరమణ చేస్తున్నారనీ, కుర్రవాళ్ళు ఇటు తొంగిచూడటం లేదనీ, అందుకే ఈ పోటీ అనీ వాడు చెప్పాడు. మా ఛందస్సు గతి కూడా ఇదే గదా అనుకున్నాను.

ఒక రాత్రి వాడు కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాముతో కుస్తీ పడుతున్నాడు. “అన్నీ సరిగానే ఉన్నాయి తాతయ్యా! ఈ పేరొక్కటే తనకు తెలియదంటోంది” అన్నాడు. నాకు ఆ భాష రాదు. అక్షరాలు లెక్కపెట్టడం మాత్రం వచ్చు. “పంక్తికి ఎన్ని అక్షరాలురా?” అని అడిగాను. మొదటి 6 గడులు వరుససంఖ్యకు, 7వది ప్రత్యేక గుర్తుకు, 8 నుండి 72 వరకే రచనకు అని చూసి చెప్పాడు. వేలితో ఎంచి చూశాను. ఆ పేరులోని చివరి రెండక్షరాలు 73, 74 గడులలో పడ్డాయి. యంత్రం వాటిని చదవనే లేదు.

“చచ్చు నియమం!” అని విసుక్కున్నాడు. కారణమేదో వెదకమన్నాను. దొరికింది. పూర్వం ప్రోగ్రామును 80 గడుల అట్టకార్డులపై చిల్లులుగా పొడిచేవారు, ఒక్కో పంక్తికి ఒక్కో కార్డు. చివరి 8 గడులు కార్డు గుర్తింపుకూ వరుససంఖ్యకూ వదిలేవారు. కట్ట చేజారి చెల్లాచెదురైతే మళ్ళీ వరుసలో పేర్చుకోవడానికి. తాళపత్రాల అంచున పత్రసంఖ్య వేసినది కూడా ఇందుకే గదా, దారం తెగితే గ్రంథం చెదరకుండా! అది చెప్పగానే వాడి విసుగు పోయింది.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఎన్నో ఏళ్ళ క్రితం పదవతరగతి విద్యార్థి ఒకడు లేచి, “చంపకమాలలో యతి పదకొండవ అక్షరానికే ఎందుకు మాష్టారూ?” అని అడిగాడు. “సూత్రం అట్లా ఉంది. వల్లించు” అన్నాను. ఇరవైఒక్క అక్షరాల దీర్ఘపాదంలో సగం దారిలో ఆరంభధ్వని మళ్ళీ చెవిన పడితే పద్యం ఎట్లా నిలుస్తుందో చదివి వినిపించి ఉండవలసింది. వాడు మరి ఏ ప్రశ్నా అడగలేదు. ఆ మౌనాన్ని నేను క్రమశిక్షణ అనుకున్నాను.

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వల్ల నిరుద్యోగభృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవారు సహాయానికి రావాలని బహిరంగంగా కోరారు. ఆ వార్త చదివి మనుమడు నాకు ఫోను చేశాడు. 2021లో ఆ పోటీ స్థానంలో ‘ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్’ అనే అభ్యాసవేదిక వచ్చింది.

మావాడు మూడవ అంచె దాటలేదు. కానీ 72వ గడి దగ్గర ఎందుకు ఆగాలో వాడు మరొకరికి చెప్పగలడు. విద్య నిలిచేది అట్లాగేనని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆనాటి నా విద్యార్థి ఎక్కడున్నాడో గాని, వాడికి ఒక సమాధానం బాకీ ఉన్నాను.