మా అబ్బాయితో ఆటకు వెళ్ళిన రోజు

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు అని మనమంతా చెప్పుకుంటాము. అయితే ఆ అమానతును కాపాడటం ఎలాగన్న చోటే మా వంటి తల్లిదండ్రులము పొరపడుతుంటాము. పిల్లవాడి చేతిలోంచి ఒక వస్తువును లాక్కుంటే వాడి భవిష్యత్తు భద్రమైపోయిందని అనుకుంటాము. 2024 నవంబరు 18, సోమవారం నాడు మేము చేసిన ఒక ప్రయాణం మా ఈ భ్రమను తొలగించింది. పాఠకులకు ఉపయోగపడగలదన్న ఆశతో దానిని ఇక్కడ పంచుకుంటున్నాము. మేమంటే తల్లీ తండ్రీ ఇద్దరమూ. చేసిన తప్పు ఇద్దరిదీ కనుక చెప్పుకోవడమూ ఇద్దరి మాటగానే చెప్పుకుంటున్నాము.

మాది ఖమ్మం జిల్లా ఏన్కూరు. తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్ళే దారిలో, పొలాలు తగ్గి అడవి మొదలయ్యే వైపు ఉన్న ఊరు. మూడెకరాల పత్తి చేను, ఒక కుట్టుమిషను మా జీవనాధారాలు. మా వైపు పిల్లలు క్రికెట్టు ఆడతారు, కబడ్డీ ఆడతారు. మా పెద్దబ్బాయికి మాత్రం ఫుట్‌బాల్ మీద మనసు పడింది. తొమ్మిదో తరగతిలో ఉండగా రంజాన్ పండుగకు పెద్దలిచ్చిన ఈదీ డబ్బులు కూడబెట్టి, ఖమ్మం వెళ్ళి బూట్లు కొనుక్కున్నాడు. అస్ర్ నమాజు కాగానే బడి మైదానానికి పరుగెత్తేవాడు, మగ్రిబ్ అజాన్‌కు దుమ్ము కొట్టుకుని తిరిగి వచ్చేవాడు. ఆ బూట్లను తడిగుడ్డతో తుడిచి తలుపు వెనుక పెట్టుకోవడం వాడి రోజువారీ పని.

పదో తరగతి ప్రీఫైనల్ పరీక్షల్లో లెక్కల్లో వాడికి మార్కులు బాగా తగ్గాయి. ఆ రాత్రి మేమిద్దరమూ ఆలోచించుకున్నాము. మర్నాడు వాడు బడికి వెళ్ళిన తరువాత, జూలూరుపాడులో ఉన్న మా బంధువుల అబ్బాయికి ఆ బూట్లు ఇచ్చేశాము. సాయంత్రం వాడు తలుపు వెనుక చూశాడు, మంచం కింద చూశాడు, అటక ఎక్కి చూశాడు. "అమ్మీ, నా బూట్లేవి?" అని అడిగాడు. "పరీక్షలయ్యాక చూద్దాం" అన్నాము. వాడు ఏడవలేదు, అలగలేదు. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. పదో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. మా నిర్ణయమే సరైనదని సంతోషించి ఖమ్మంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించాము. అక్కడ తరగతి గదులున్నాయి, స్టడీ అవర్లున్నాయి, ఆట స్థలం లేదు. లేకపోవడమే మంచిదని కూడా అప్పుడు అనుకున్నాము.

ఆ తరువాత ఆదివారం ఫోన్లలో వాడి మాటలు రెండే అయ్యాయి: "ఊఁ", "సరే". దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అన్నం తింటున్నంతసేపూ తల ఎత్తలేదు. బట్టలు ఉతుకుదామని సంచీ తీసిన వాడి అమ్మీకి ఒక నోటుపుస్తకం కనిపించింది. ముందు పేజీల నిండా భౌతికశాస్త్రం. చివరి పేజీలో మైదానం బొమ్మ, అందులో పదకొండు చుక్కలు, ఒక్కొక్క చుక్క పక్కన ఒక్కొక్క పేరు. అది చూసి మేము చాలాసేపు మాట్లాడుకోలేకపోయాము. మేము తీసివేశామనుకున్నది ఎక్కడికీ పోలేదు, మాకు కనిపించకుండా పోయిందంతే.

నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో భారత్, మలేషియా జట్లు ఆడతాయని హైదరాబాదులో ఉండే మా బంధువు ద్వారా తెలిసింది. వెళ్ళడమా, మానడమా అని తటపటాయించాము. ఆటకోసం ఇంత దూరమా, ఇంత ఖర్చా అన్న సందేహం ఒకటి. పత్తి తీతకు కూలీలు దొరికే రోజులు వదులుకోవాలన్న బాధ ఒకటి. అప్పుడు దైవప్రవక్త (స) జీవితంలోని ఒక సంఘటన గుర్తుకు వచ్చింది. పండుగనాడు హబషీలు మస్జిదు ఆవరణలో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, ఆయన హజ్రత్ ఆయిషా (ర)ను తన వెనుక నిలుపుకుని, ఆమెకు తనివి తీరేదాకా చూడనిచ్చారు. ఇంటివారి సంతోషం కోసం నిలబడటం చిన్న పని కాదని మాకు అర్థమైంది. కాలేజీలో బతిమాలి రెండు రోజుల సెలవు తీసుకున్నాము. బంధువు చేత మూడు టికెట్లు కొనిపించాము. చిన్నమ్మాయిని నానమ్మ దగ్గర వదిలిపెట్టాము.

ఫజ్ర్ నమాజు చేసుకుని, ప్రయాణపు దుఆ చదువుకుని బస్సెక్కాము. తల్లాడ, వైరా దాటి ఖమ్మం చేరి, అక్కడ హైదరాబాదు బస్సు పట్టుకున్నాము. సూర్యాపేట దాకా మా అబ్బాయి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఉండబట్టలేక వాడి అమ్మీ అడిగింది: "హైదరాబాదులో కూడా ఫుట్‌బాల్ ఆడేవాళ్ళున్నారా నాన్నా?"

వాడు ఒక్కసారిగా ఇటు తిరిగాడు. "ఉన్నారా అంటావేంటి అమ్మీ! ఇండియాకు ఫుట్‌బాల్ నేర్పిందే హైదరాబాదు. రహీం సాబ్ పేరు వినలేదా?"

మేము వినలేదు. అప్పుడు వాడు చెప్పాడు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. బడిపంతులుగా పనిచేశారు. 1950 నుంచి కన్నుమూసేదాకా భారత జట్టుకు శిక్షకుడు ఆయనే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిపోయారు. ఆ ఓటమి తరువాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఓడిన ఆ జట్టునే ఆయన మళ్ళీ తీర్చిదిద్దారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం వంటి మన హైదరాబాదు, సికింద్రాబాదు ఆటగాళ్ళు ఉన్నారు. 1962లో జకార్తాలో, లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా అరుస్తుండగా దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ స్వర్ణం తెచ్చారు. అప్పటికే రహీం సాబ్ క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న తుదిశ్వాస విడిచారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన శిక్షణలోనే 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

చౌటుప్పల్ దాటేదాకా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. తొమ్మిది నెలలుగా మేము వినని గొంతు అది. "బూట్లు" అన్న మాట వచ్చినప్పుడల్లా మేమిద్దరమూ తల దించుకున్నాము. వాడు మాత్రం ఏ ఉద్దేశమూ లేకుండానే చెప్పుకుపోయాడు.

ఎల్బీనగర్‌లో దిగి జుహ్ర్ నమాజును ఖస్ర్‌గా రెండు రకాతులు చేసుకున్నాము. వెంట తెచ్చుకున్న రొట్టెలు తిని మెట్రో ఎక్కాము. అమీర్‌పేటలో రైలు మారాలి. అక్కడ కదిలే మెట్ల ముందు వాడి అమ్మీ భయపడి ఆగిపోయింది. వాడు వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు కాలు పెట్టు అమ్మీ" అన్నాడు. రాయదుర్గం చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు. అక్కడి నుంచి ఆటోలో గచ్చిబౌలి చేరి, అస్ర్ చేసుకుని, స్టేడియం చుట్టూ తిరిగాము. అప్పట్లో ఈ మైదానం సొంతగడ్డగా ఉండిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ కిక్కుల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిందనీ, ఆనాటి శిక్షకుడు మనోలో మార్కెజే 2024లో మేము వెళ్ళిన ఆ ఆటనాటికి భారత జట్టుకు శిక్షకుడుగా ఉన్నారనీ అప్పుడు తెలుసుకున్నాము.

మగ్రిబ్ వేళకు జనసందడికి దూరంగా ఒక చెట్టు కింద తువాలు పరిచాము. వాడి అబ్బా పక్కకు జరిగి, "ఇవాళ నువ్వు చేయించు" అన్నారు. వాడు ముందు నిలబడ్డాడు. వెనుక నిలబడి వాడి ఖిరాఅత్ వింటుంటే, మేము పోగొట్టుకున్నామని భయపడిన పిల్లవాడు వీడేనా అనిపించింది.

ఏడున్నరకు ఆట మొదలైంది. నియమాలు మాకు వాడే చెప్పాడు. 19వ నిమిషంలో మన గోల్‌కీపర్ బంతి కోసం గోలు వదిలి ముందుకు వచ్చేశాడు. బంతి అందలేదు. ఖాళీగా ఉన్న గోలులోకి మలేషియా ఆటగాడు కొట్టేశాడు. మా చుట్టుపక్కలవాళ్ళు లేచి, "వాణ్ణి తీసేయండి, బయటికి పంపండి" అని అరిచారు. మా అబ్బాయి మాత్రం కూర్చునే ఉన్నాడు.

"నిజంగానే తీసేస్తారా?" అని అడిగాము.

"ఎందుకు తీస్తారు అబ్బా? ఒక్క తప్పుకే తీసేస్తే అతను దిద్దుకునేదెప్పుడు? ఇంకా డెబ్బై నిమిషాలుంది" అన్నాడు.

వాడు మైదానం వైపే చూస్తూ అన్న మాట అది. మాకు మాత్రం లెక్కల పరీక్ష, తలుపు వెనుక ఖాళీ జాగా కళ్ళముందు నిలిచాయి. 39వ నిమిషంలో కార్నర్ కిక్కుకు రాహుల్ భేకే తలతో కొట్టి స్కోరు సమం చేసినప్పుడు స్టేడియమంతా లేచి నిలబడింది. మేమూ లేచాము. వాడు మా ఇద్దరినీ కలిపి వాటేసుకున్నాడు. ఆట 1-1తో ముగిసింది. భారత జట్టుకు 2024 సంవత్సరం ఒక్క గెలుపైనా లేకుండానే గడిచిపోయింది. "ఏం నాన్నా, బాధగా ఉందా?" అంటే, "గెలిస్తేనే మన జట్టా అమ్మీ?" అన్నాడు.

బయటికి వచ్చి ఇషా నమాజు చేసుకున్నాము. సలాం తిప్పిన తరువాత అక్కడే కూర్చుని వాడికి చెప్పాము: "నీ బూట్లు మేమే ఇచ్చేశాము. నీకు చెప్పకుండా, నీ సొమ్మును ఇచ్చేశాము. అది తప్పు. మమ్మల్ని మన్నించు."

తల్లిదండ్రులు బిడ్డను క్షమాపణ అడగటం మా ఇళ్ళలో అలవాటు లేని పని. వాడు తువాలు అంచును మడుస్తూ చాలాసేపు ఊరకున్నాడు. చివరికి, "జూలూరుపాడు వాడికేనా?" అన్నాడు. అవునన్నాము. "వాడి కాలికి సరిపోయాయా?" అని అడిగాడు. అంతకు మించి ఒక్క నిష్ఠూరమూ ఆడలేదు.

రాత్రి బస్సులో మా ఇద్దరి మధ్య కూర్చుని నిద్రపోయాడు. ఖమ్మంలో దిగి ఫజ్ర్ చేసుకుని, కాలేజీలో దించాము. ఆదివారం ఒక గంట పిల్లలను మైదానానికి పంపండని అడిగితే కుదరదన్నారు. రెండో సంవత్సరానికి ఆట స్థలం ఉన్న కాలేజీకి మార్చాలని మేము నిర్ణయించుకున్నాము. అందుకు కట్టిన ఫీజులో కొంత నష్టపోవలసి వస్తుంది. పర్వాలేదు, ఆ నష్టం మేము కొని తెచ్చుకున్నదే. ఈసారి పత్తి డబ్బుల్లోంచి బూట్ల ఖరీదు వాడి చేతిలోనే పెడతాము. అది మా కానుక కాదు, వాడికి మేము పడిన బాకీ.

చదువు ముఖ్యమే, క్రమశిక్షణ అవసరమే. నమాజు వేళ దాటిపోతుంటే, పాఠాలు మూలన పడుతుంటే అడ్డుచెప్పడం మన బాధ్యత. కానీ అడ్డుచెప్పడం వేరు, అడగకుండా లాక్కోవడం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి మాకు తొమ్మిది నెలల మౌనం, ఒక రోజు ప్రయాణం పట్టాయి.

ఆ తరువాతి ఆదివారం ఫోను మోగింది. సలాం చెప్పి వాడు మొదలుపెట్టిన మాటలు పది నిమిషాలైనా ఆగలేదు. అందులో సగం మాకు అర్థం కాని ఆట సంగతులే. అల్హమ్దులిల్లాహ్, అంతా విన్నాము.