పడని ప్రయాణం

మా అమ్మకు బస్సు పడదు. ఈ ముక్క మా ఇంట్లో అందరికీ తెలుసు. కాని దానికొక కారణం ఉంటుందనీ, ఉపాయం ఉంటుందనీ ఎవరికీ తోచలేదు. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి పెరుగు పడదు. అదీ అలాంటిదే అనుకున్నాం.

మాది అనకాపల్లి. మా అక్కయ్యను పాడేరులో ఇచ్చాం. దూరం ఎంతో లేదు కాని, చోడవరం దాటి కొండ ఎక్కడం మొదలయ్యాక రోడ్డు ఒక్క ఫర్లాంగైనా తిన్నగా ఉండదు. అక్కయ్య కాపురానికి వెళ్ళి పద్దెనిమిదేళ్ళయింది. అమ్మ ఆ గడప తొక్కింది ఒక్కసారే. పిలిచినప్పుడల్లా ఏదో వంక. మోకాళ్ళ నొప్పులు, ఆవకాయ రోజులు, పక్కింటివారి నోము. "అమ్మకు పడనిది బస్సు కాదురా, మా ఆయన" అని అక్కయ్య ఒకనాడు ఫోనులో ఏడ్చింది. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి. ఒక్క మాటకు ఇన్ని అర్థాలున్నందుకు మామూలుగా అయితే మురిసిపోదును. ఆనాడు మురిపెం కలగలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ అక్కయ్య పక్షమే. కడుపులో తిప్పుతుందని కన్నకూతురింటికి వెళ్ళని తల్లి ఉంటుందా?

నిరుడు డిసెంబరులో మా కాలేజీ పిల్లలతో అరకు బయల్దేరాను. శృంగవరపుకోట దాటాక ఘాటీ. కాలం వృథా చెయ్యడమెందుకని బస్సులో వెనక వరసన కూచుని పరీక్ష పేపర్లు దిద్దడం మొదలెట్టాను. పది పేపర్లయినా పూర్తికాలేదు, నోట్లో నీళ్ళూరాయి. ఒళ్ళు చల్లబడి చెమటలు పట్టాయి. తర్వాతి సంగతి రాయనక్కర్లేదు. కిటికీ దాకా చేరుకునే వ్యవధి కూడా దొరకలేదు. నలభైమంది విద్యార్థుల ఎదుట! ఒకమ్మాయి పాపం నీళ్ళసీసా అందిస్తూనే మొహం పక్కకు తిప్పుకుంది. ఆ తర్వాత అనంతగిరి కాఫీతోటలు నా కంటికి ఆనలేదు. అమ్మే కనపడింది.

ఇంటికొచ్చి అడిగాను. చాలాసేపు మాట దాటేసి, చివరికి చెప్పింది. ఆ ఒక్కసారీ వెళ్ళినప్పుడు కొత్తచీర కట్టుకుని, వియ్యాలవారికని సున్నుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచుందిట. కిటికీలోంచి తల పెట్టేసరికి గాలికి వెనకాయన చొక్కామీద పడిందిట. అతగాడు అన్న మాటలు బస్సంతా విన్నారుట. తడిసిన చీరతోనే వియ్యాలవారి గుమ్మంలో నిలబడిందిట. "మళ్ళీ ఆ అవతారంతో వెళ్ళమంటావుట్రా?" అంది.

మా డాక్టరుగారు చెప్పేదాకా ఈ బాధకు చెవితో సంబంధమని నాకు తెలియదు. మన భాషలో కళ్ళు తిరుగుతాయి, తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. చెవి మాట ఒక్కరూ ఎత్తరు. లోపలి చెవిలో అర్ధచంద్రాకారపు గొట్టాలు మూడున్నాయి. ఒళ్ళు కదిలినప్పుడల్లా వాటిలోని ద్రవం ఆ కబురు మెదడుకు అందేలా చేస్తుంది. బస్సు మలుపు తిరిగితే చెవి "కదులుతున్నాం" అంటుంది. ఒళ్ళోని డబ్బానో, దిద్దే పేపరునో చూస్తున్న కన్ను "కదలడం లేదు" అంటుంది. ఒకే ఆఫీసుకు ఇద్దరు గుమాస్తాలు రెండు రకాల లెక్కలు పంపినట్టన్నమాట. మెదడు తికమకపడుతుంది, శిక్ష కడుపుకు పడుతుంది. బండి నడిపేవాడికి ఈ బాధ సాధారణంగా రాదు. మలుపు వస్తున్నదని అతని కన్నుకు ముందే తెలుసు మరి! ధైర్యానికీ దీనికీ సంబంధం లేదు. ఇంగ్లీషు నౌకాసేనాని నెల్సన్‌కు ఓడ పడేది కాదు. డార్విన్ 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడమీద ప్రపంచమంతా తిరిగీ, సముద్రానికి అలవాటుపడలేకపోయాడు. ఇది చెబితే అమ్మ, "వాళ్ళ కూతుళ్ళు ఏమీ అనలేదా?" అంది.

సంక్రాంతి వెళ్ళాక ప్రయాణం కట్టించాను. అమ్మ వేసుకునే బి.పి. మందులేమిటో, కంటి జబ్బులేమైనా ఉన్నాయో అన్నీ విచారించి, వయస్సు చూసి మరీ డాక్టరుగారు మాత్ర రాశారు. బస్సెక్కడానికి గంట ముందు వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే దండగ. నిద్ర తెస్తుంది కనక బండి నడిపేవారు దాని జోలికి పోకూడదు. పొద్దున్నే రెండు ఇడ్లీలు పెట్టాం. ఖాళీ కడుపూ మంచిది కాదు, పూరీలూ మంచివి కావు. అమ్మ తనంతట తాను ఒక అల్లం ముక్క కొంగున ముడేసుకుంది. కొందరికి పనిచేస్తుందని డాక్టరుగారూ కాదనలేదు. కండక్టరుని బతిమాలి ముందుసీటు సంపాదించాను. "డబ్బా నాకియ్యి. తల వెనక్కి ఆనించి, దూరంగా రోడ్డునే చూస్తూండు" అని పాఠం చెప్పి, నేను వెనక సీట్లో సర్దుకున్నాను.

కొండ ఎక్కినంతసేపూ అమ్మ తల కదపలేదు. ఒక మలుపు దగ్గర మాత్రం కమ్మీ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. నా ప్రాణాలు పైకే పోయాయి. మాటిమాటికీ ముందుకు వంగి ఆవిడ మొహం చూడ్డమే నా పని.

ఫోనులో సంగతంతా ముందే చెప్పాను కనక అక్కయ్య బస్టాండుకే వచ్చింది. అమ్మ దిగింది. చీర మడత నలగలేదు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉండిపోయారు. కాస్సేపటికి అమ్మ నా చేతిలోని డబ్బా తీసుకుని మా బావగారికిచ్చింది.

నేను మాత్రం తల పట్టుకుని బస్టాండు అరుగుమీద చతికిలబడ్డాను. దారి పొడుగునా అమ్మ మొహమే తప్ప రోడ్డు చూసిన పాపాన పోలేదు కదా!

"వీడికీ పడదే!" అంటూ అమ్మ కొంగు ముడి విప్పి అల్లం ముక్క తీసింది.